మెడ దగ్గర గుచ్చుకునేది

చిట్టితల్లికి,

అమ్మ ముద్దులు, దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు ఒంటిని జాగ్రత్తగా చూసుకుంటున్నావనీ, వేళకి తింటున్నావనీ నీ ఉత్తరం చెప్పింది, నేను నమ్మాను. కులాసా అని రాశాక కలం పక్కన పెట్టి, లేచి కిటికీ మూసి, మళ్ళీ తెరిచి, వచ్చి కూర్చున్నాను. ఒంట్లో మటుకు కులాసాయే.

జవాబు ఆలస్యమైంది. పరీక్ష పేపర్లు దిద్దే పని మీదికి నెట్టేయొచ్చు గానీ, ఆ పని ఎప్పుడో అయిపోయింది. నువ్వు చాలా సంగతులు అడిగావు. అన్నిటికీ చెబుతాను. నేను పంపిన స్వెట్టర్ మెడ దగ్గర ఏదో గుచ్చుకుంటోందని రాశావు చూడు, దానికి మాత్రం ఆఖర్న చెబుతాను. అది విన్నాక నువ్వు నన్ను ఇదివరకటిలా చూస్తావో లేదో నాకు తెలీదు. అందుకని ముందు మామూలు కబుర్లు కాసేపు చెప్పుకోనీ. చివరి పేజీ తిప్పి చూడకు. చిన్నప్పుడు కథల పుస్తకాలన్నీ అలాగే చదివేదానివి.

నాన్న మోకాలు ఎలా ఉందన్నావు. డాక్టరు మెట్లు ఎక్కడం తగ్గించమన్నాడు. ఆయన మెట్లు తగ్గించలేదు, ఇంట్లో సాయం తగ్గించారు. కూరలు తెమ్మంటే కుంటుతారు. కింది వాటా పిన్నిగారింట్లో కబుర్లకి మాత్రం మొన్నమొన్నటి దాకా పిల్లాడిలా దిగిపోయేవారు. "అదేంటండీ" అంటే, "కిందికి దిగడం వేరు, బజారుకి నడవడం వేరు, కీళ్ళ సంగతి నీకేం తెలుసు?" అనేవారు. కాబట్టి దిగులు పడకు.

నీ గదిని ఏం చేశానని అడిగావు. ఆక్రమించాను. నీ మంచం మీద ఇప్పుడు మనిషన్నవాడు పడుకునే వీలు లేదు. పాత దుప్పటి పరిచి, దాని మీద తడి ఊలు ముక్కల్ని గుండుసూదులతో బిగించి ఆరబెట్టాను. అరచేతి కంటే కాస్త పెద్దవి, చదరంగా ఉంటాయి. స్వెట్టర్ మొదలుపెట్టే ముందు అదే ఊలుతో, అవే సూదులతో ఒక చిన్న నమూనా ముక్క అల్లాలి. దాన్ని ఉతికి, ఆరాక, అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో చూసుకోవాలి. దాన్ని బట్టి ఛాతీకి ఎన్ని కుట్లు ఎత్తాలో లెక్క కడతారు. పిన్నిగారు నాకు అల్లిక నేర్పిన మొదటి రోజే చెప్పిన మాట ఇది. అందరూ ఒక ముక్కతో ఊరుకుంటారు. నేను ఊరుకోలేకపోయాను.

నేను కాలేజీలో చెప్పేది గణాంకాలాయె. నమూనా ఎంత చిన్నదైతే దాని మాట అంత తక్కువ నమ్మాలని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసినదాన్ని, ఒక్క ముక్కని పట్టుకుని నా కూతురి వీపు కొలత ఎలా తేల్చను? మొదటిది గోనెసంచిలా గరుగ్గా వచ్చింది. ఊలు మార్చాను. ఆ తరవాతది ఉతకగానే నూగు లేచి, వానలో తడిసిన పిల్లికూనలా ముడుచుకుంది. ఎర్ర ఊలుతో అల్లింది బకెట్ నీళ్ళన్నీ ఎర్రగా చేసి, అందులోనే నానుతున్న మీ నాన్న బనియన్లకి గులాబీ రంగు పట్టించింది. "రేపు ఆ డాక్టరు చొక్కా విప్పమంటే నా గతేం కానూ?" అని ఆయన ఒకటే గోల. "మోకాలు చూడ్డానికి చొక్కా ఎందుకు విప్పమంటాడు?" అన్నాను. అప్పటికి ఊరుకున్నారు.

ఇంతకంటే వింత ఇంకోటుంది. డిపార్ట్‌మెంట్ మీటింగులో మాట పడి వచ్చిన సాయంత్రం అల్లిన ముక్క బిగుసుకుని ఇరుగ్గా వచ్చింది. ఆదివారం రేడియో వింటూ అల్లింది వెడల్పుగా, జారుగా వచ్చింది. అవే సూదులు, అదే ఊలు, అన్నే కుట్లు. ఈ రెంటిలో నా చెయ్యి ఏది? అది తేల్చుకోవడానికి మరొకటి అల్లాను. అది ఆ రెంటితోనూ కలవలేదు.

పిన్నిగారు ఒకసారి పైకి వచ్చి నీ మంచం చూసి బుగ్గ నొక్కుకున్నారు. "ఏమ్మా లెక్కల టీచరమ్మా, నువ్వు అల్లుతున్నది పిల్లకి స్వెట్టరా, పిల్లులకి దుప్పట్లా?"

"రుమాళ్ళ కంపెనీ పెట్టింది పిన్నిగారూ," అన్నారు మీ నాన్న. "సరుకు గట్టిది. ముక్కు తుడుచుకుంటే ముక్కు కూడా వచ్చేస్తుంది, అదొక్కటే లోపం."

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకో ముక్కకి కుట్లు ఎత్తాను. ముక్కలో తప్పు పడితే ఏం పోయింది, విప్పేసుకోవచ్చు. ముక్క అల్లుతున్నంత సేపూ నేను నీకు స్వెట్టర్ అల్లుతున్నదాన్నే. ఆ స్వెట్టర్ని మాత్రం ఎవరూ తొడుక్కుని చూడలేరు, పొట్టి అనలేరు, వదులు అనలేరు. అందులో ఎంత సుఖం ఉందో చెబితే నవ్వుతావు.

ఇక పొడుగమ్మాయి సంగతి. హాస్టల్లో నీ గదిలో ఉండే ఆ పిల్ల గురించి నువ్వు రాసిన పేజీ నేను చాలాసార్లు చదివాను. చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలోనే పెరిగిందనీ, నీ స్వెట్టర్ పట్టుకుని చూసి, "నాకోసం ఇంతవరకూ ఎవరూ ఏదీ చేత్తో చేయలేదే" అందనీ, జ్వరం వచ్చినప్పుడు అడిగి మరీ అది తొడుక్కుని పడుకుందనీ రాశావు. "మా అమ్మ నీకూ అల్లుతుందిలే, ముక్కలు కాకుండా మొత్తం అల్లడం ఆవిడకి ఇప్పుడు వచ్చేసింది" అని నా తరఫున మాట ఇచ్చేశానన్నావు. కవర్లో ముళ్ళు వేసిన దారం వచ్చింది. ఒక ముడి దాకా ఛాతీ, ఇంకో ముడి దాకా చెయ్యి. టేపు దొరక్క దారంతో కొలిచామన్నావు. ఆ దారం నా బల్ల మీద చుట్ట చుట్టుకుని ఉంది. దాని మీద కాగితం కప్పాను. గాలికి ఎగిరింది. మళ్ళీ కప్పాను.

ఇంకోటి కూడా అడిగావు. కుడిచేతి అంచు ముళ్ళకంపకి తగిలి లేచిపోయింది, అదే ఊలు కాస్త ఉంటే పంపు, కుట్టుకుంటానన్నావు. ఇక్కడితో మామూలు కబుర్లు అయిపోయాయి తల్లీ.

అదే ఊలు నా దగ్గర లేదు. ఎప్పుడూ లేదు.

ఆ స్వెట్టర్ నేను అల్లలేదు. కొన్నాను.

ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్ని పేజీలు పట్టాయి. ఎలా జరిగిందో చెబుతాను. చెబుతూ నన్ను నేను వెనకేసుకొచ్చే ప్రయత్నం చేస్తాను, నా సంగతి నాకు తెలుసు. నువ్వు అది గమనించుకుంటూ చదువు.

చలి మొదలైనప్పుడు నువ్వు రాశావు గుర్తుందా, పొద్దున్నే చెట్ల చుట్టుకొలతలు తీయడానికి అడవిలోకి తీసుకెళ్తున్నారనీ, వేళ్ళు కొంకర్లు పోయి పెన్సిల్ పట్టుకోలేకపోతున్నావనీ, "అమ్మా, స్వెట్టర్ ఎంతవరకూ వచ్చింది?" అనీ. అప్పటికి వీపు భాగం చంక దాకా అల్లాను. చంక కొలత మీద అనుమానం వచ్చి మొత్తం విప్పేశాను. విప్పిన ఊలు ఉండ చుట్టి చూసుకుంటే కొత్తదానిలా కూడా లేదు, వంకర్లు తిరిగి ఉంది. ఇంకో రకం ఊలు తెద్దామని బజారుకెళ్ళాను. ఊలు కొట్టు పక్కనే రెడీమేడ్ బట్టల కొట్టు. అద్దాల వెనక బొమ్మకి తడి ఇసుక రంగు స్వెట్టర్ తొడిగారు. నేను అల్లాలనుకున్న రంగు. నేను అల్లాలనుకున్న మెడ. నీ భుజాలకి సరిగ్గా సరిపోయే కొలత. ఎవరూ దానికి నమూనా ముక్కలు అల్లి ఏడవలేదు. యంత్రం గబగబా అల్లేసి పక్కకి పడేసి ఉంటుంది.

ఇది తొడుక్కుని ఉండు, నాది అయ్యాక పంపిస్తాను అని చీటీ పెడదామనే తెచ్చాను. ఇది నిజం. ఇంటికొచ్చి చిన్న కత్తెర తీసి, మెడ వెనక లేబుల్ కత్తిరించాను. నీకు చిన్నప్పటినుంచీ లేబుల్ పడదు. ఏ గౌను కొన్నా ముందు లేబుల్ తీశాకే తొడగాలి, లేకపోతే వీధి వినపడేలా ఏడ్చేదానివి. కాబట్టి లేబుల్ తీయడంలో కూడా మోసం లేదు. చూశావా, ఎంత బాగా వెనకేసుకొస్తున్నానో.

లేబుల్ పోయాక స్వెట్టర్ని బల్ల మీద పరిచి చూశాను. అది ఎవరిదైనా కావచ్చు అనిపించింది. అంతలో మెట్ల మీద మీ నాన్న అడుగుల చప్పుడు. కత్తెరా లేబులూ సొరుగులోకి తోసేశాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. "అయిపోయిందా! చెప్పవేం?" అన్నారు. మొహం వెలిగిపోయింది. నేను "ఊఁ" అన్నాను. ఒక్క అక్షరం. చీటీ మీద "ఇదిగో నీ స్వెట్టర్" అని మాత్రం రాశాను. అందులో అబద్ధం ఎక్కడుంది? నీదే కదా, స్వెట్టరే కదా. పదాల చాటున నక్కడానికి చదువు బాగా పనికొస్తుంది.

తరవాత నీ ఉత్తరం వచ్చింది. హాస్టల్లో అందరూ పట్టుకుని చూశారనీ, మా అమ్మ అల్లిందని నువ్వు క్లాసులో కూడా చెప్పావనీ. ఒక కుట్టు కూడా ఎగుడుదిగుడు లేదు, నువ్వు ఇన్నాళ్ళూ ముక్కలు అల్లింది ఇందుకా అమ్మా అనీ. నాన్న ఆ ఉత్తరం పట్టుకుని కిందికి వెళ్ళి పిన్నిగారికి పైకి చదివి వినిపించారు. నన్నూ పిలిచారు. పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మరి చేతులెప్పుడు అల్లావమ్మా? నాకు చూపించనేలేదు," అన్నారు. "కాలేజీలో, ఖాళీ పీరియడ్లలో," అన్నాను. తడుముకోలేదు కూడా. ఆవిడ లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన తన సూదుల జత తెచ్చి నా చేతిలో పెట్టారు. "నాకు చూపు ఆనడం లేదు. అల్లే చేతిలో ఉంటే వాటికీ బాగుంటుంది." ఆవిడ పెళ్ళికి ముందునుంచీ వాడిన సూదులవి. తీసుకున్నాను తల్లీ. థాంక్స్ చెప్పి మరీ తీసుకున్నాను.

నీకు జవాబు రాస్తూ ఏమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. "మెడ దగ్గర మాత్రం కొంచెం కష్టపడ్డాను" అన్నాను. ఇక్కడ పదాల చాటు లేదు. ఎవరూ అడగలేదు. అబద్ధానికి కాస్త అందం వస్తుందని నేనే చేర్చాను. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఉతుకు అని, చేత్తో అల్లే ఊలుకి పిన్నిగారు చెప్పిన సలహా దానికి అంటగట్టాను. ఆ స్వెట్టర్‌లో ఉన్నది ఏ ఊలో, అసలు ఊలో కాదో కూడా నాకు తెలీదు.

నీ కిందటి ఉత్తరం అందాక నేనేం చేశానో కూడా వినాలి. చెప్పేయడానికి అంతకంటే మంచి సందు దొరకదు కదా. చెప్పలేదు. ఆ తడి ఇసుక రంగు దారం తయారుచెయ్యడానికి కూర్చున్నాను. బూడిద రంగు సన్న ఊలు, గోధుమ రంగు సన్న ఊలు కలిపి పేని అల్లాను, చారలు పడింది. తెల్ల ఊలుని టీ డికాక్షన్‌లో మరిగించాను, పసుపు తిరిగింది. డికాక్షన్ పలచన చేశాను. ఇంకాసేపు నానబెట్టాను. ఎండలో ఆరబెట్టి చూశాను, నీడలో ఆరబెట్టి చూశాను. ముక్క మీద ముక్క. చివరికి ఒకటి దగ్గరగా వచ్చింది, ఎంత దగ్గరగా అంటే నాలో నేనే "భేష్" అనుకున్నాను. ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాక తెలిసింది. ఇన్నాళ్ళ నా పరీక్షల్లో మొదటిసారి ఒకటి కుదిరింది, అదీ అబద్ధానికి అతుకు వెయ్యడానికి.

సిగ్గేసింది. అయినా ఆగలేదు. పొడుగమ్మాయి దారం సంచిలో వేసుకుని మళ్ళీ అదే రెడీమేడ్ కొట్టుకి వెళ్ళాను.

అదే రంగు, పెద్ద సైజు ఉంది. దారం పెట్టి చూశాను, ముడి సరిగ్గా అంచు దగ్గరికి వచ్చింది. కొట్టతను నన్ను గుర్తుపట్టాడు. "ఇదివరకు కూడా ఇదే తీసుకెళ్ళారు కదా మేడమ్! అమ్మాయికి నచ్చిందన్నమాట. గిఫ్టా? ధర చీటీ తీసేయమంటారా?"

"లేబుల్ నేను కత్తిరించుకుంటాలెండి," అన్నాను.

అతను లేబుల్ ఊసే ఎత్తలేదు. ధర చీటీ గురించి అడిగాడంతే. నా నోటినుంచి ఆ మాట ఎంత అలవాటుగా వచ్చిందంటే, అతను కూడా ఒక్క క్షణం నా మొహం చూశాడు. తనకోసం ఎవరూ ఏదీ చేత్తో చేయలేదన్న పిల్లకి మొట్టమొదటిది నేను ఇది ఇవ్వబోతున్నాను. స్వెట్టర్ని మడత పెట్టబోయాను, మడత సరిగా రాలేదు. అలాగే వదిలేసి బయటికి వచ్చేశాను. దారం గల్లాబల్ల మీదే మరిచిపోయి, మళ్ళీ వెనక్కెళ్ళి తెచ్చుకున్నాను. ఆ రెండోసారి లోపలికి వెళ్ళడం ఉంది చూడు, అది నీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు.

ఇంటికి రాగానే మీ నాన్నకి చెప్పాను. ముందు హాస్యం అనుకున్నారు. తరవాత టీవీ కట్టేశారు.

"అయితే కింద నేను చదివి వచ్చిందేంటి?" అన్నారు.

"అమ్మాయి ఉత్తరం."

"ఉత్తరమే. నేనేదో డప్పు కొట్టుకుంటూ వెళ్ళి, మా ఆవిడ, మా ఆవిడ అని... నువ్వు పక్కనే నిలబడి విన్నావు కదా."

"విన్నాను."

మోకాలు రుద్దుకున్నారు. "ముందు పిల్లకి రాయి," అన్నారు. "పిన్నిగారికి నేను చెప్పను. అది నీ పని. నేను మాత్రం కొన్నాళ్ళు కిందికి దిగను." ఆయన నిజంగానే దిగడం లేదు. మోకాలికి మంచిదేలే అని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.

పిన్నిగారి దగ్గరికి సూదులు పట్టుకుని వెళ్ళాను. ఆవిడ తిడతారనుకున్నాను, పోనీలే అంటారేమోననీ ఆశపడ్డాను. రెండూ కాలేదు. అంతా విని, "ఖాళీ పీరియడ్లు అన్నావు కదమ్మా," అన్నారు. అంతే. సూదులు తీసుకుని, గుడ్డ విప్పి, రెండూ ఉన్నాయో లేదో చూసుకుని, మళ్ళీ చుట్టి సొరుగులో పెట్టేశారు. కూర్చోమనలేదు. నేను మెట్లెక్కి వచ్చేశాను. ఇప్పుడు మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకుని దారి ఇస్తారు. ఇదివరకు ఆవిడ దారికడ్డంగా నిలబడి కబుర్లు చెప్పేవారు.

క్షమించమని రాయడం తేలిక. అది రాసేస్తే నువ్వు వెంటనే "పోనీలే అమ్మా" అంటావు, నీ మనసు నాకు తెలుసు. తొందరపడి అనకు. నువ్వు క్లాసులో చెప్పావు, హాస్టల్లో చెప్పావు, ఆ పిల్లకి మాట ఇచ్చావు. ఇవన్నీ నా అబద్ధం నీ నోట పలికించినవే. నువ్వు వాళ్ళకి చెబుతావో, నన్ను రాయమంటావో, నీ ఇష్టం. రాయమంటే రాస్తాను. పొడుగమ్మాయికి మాత్రం ఎలాగైనా తెలియాలి.

ఆ దారం కొలతకి ఒకే ఒక్క నమూనా ముక్క అల్లాను, నా మామూలు సూదులతో. ఉతికాను, ఆరనిచ్చాను, కొలిచాను. ఇంకోటి అల్లమని చేతులు ఒకటే పీకాయి. అల్లకుండా నేరుగా స్వెట్టర్‌కే కుట్లు ఎత్తాను. కింది అంచు కాస్త వంకరగా వచ్చింది, విప్పలేదు. మీటింగు రోజు అల్లిన వరసలు బిగుసుకున్నాయి, ఆదివారం వరసలు వదులయ్యాయి. వేలు పెట్టి చూస్తే ఎక్కడ ఏ రోజో తెలిసిపోతుంది. అదీ విప్పలేదు. ఆ ముక్కని ఈ కవర్లో పెట్టాను, తనకి చూపించు. సంగతంతా విన్నాక కూడా ఇలాంటి మనిషి అల్లింది తొడుక్కుంటానంటేనే పూర్తయ్యాక పంపుతాను. వద్దంటే తప్పు తనది కాదు.

ఇక మెడ. నువ్వు అడిగినది అదే కదా, "మెడ వెనక ఏం కుట్టావమ్మా, బిరుసుగా గుచ్చుకుంటోంది" అని. అది లేబుల్ మొదలు తల్లీ. నీ చిన్నప్పుడు ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్క కుట్టే ఊడదీసేదాన్ని, ఆనవాలు కూడా మిగిలేది కాదు. ఈసారి కంగారులో మొదలు దగ్గర కోసేశాను. మెడ తిరగేసి వెలుతురులో చూడు, కుట్టు సందులో సన్నగా తెల్లటి అంచు కనిపిస్తుంది. కత్తెర పెట్టకు, మెడ విడిపోతుంది. సూదిమొనతో ఒక్కొక్క దారమే లేపి లాగు, వచ్చేస్తుంది. నిన్ను ఇన్నాళ్ళూ గుచ్చింది అదే.

కోసిన లేబుల్‌ని నమూనా ముక్కకి గుండుసూదితో గుచ్చి పంపుతున్నాను. దాని మీద ఉతికే పద్ధతి అచ్చువేసి ఉంది. చల్లనీళ్ళలో ఉతకాలట, పిండకూడదట, నీడలో ఆరబెట్టాలట. దాని మాటే విను. నేను చెప్పింది మరిచిపో.

ఇట్లు,
ఇంకా మెడ దాకా రాని
నీ అమ్మ